కలల బండి షెడ్డులో ఉన్న రోజు ఆఫీసుకు దేంట్లో వెళ్తారు?

ఫోక్స్‌వాగన్‌లో వర్టస్ జీటీ అని ఒకటుంది, గోల్ఫ్ జీటీఐ అని ఇంకొకటుంది. మొదటిది పుణె దగ్గర చాకన్‌లో తయారవుతుంది. 1.5 లీటర్ టర్బో పెట్రోలు, 150 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), ఎక్స్-షోరూమ్ 20 లక్షల లోపు. రెండోది 2025 మేలో పూర్తిగా తయారైన బండిగానే ఓడ దిగింది. 2 లీటర్ల టర్బో, 265 పీఎస్, 53 లక్షలు, మొదటి విడతకు 150 బండ్లు. రోజువారీ బండా, కలల బండా అని కొట్టుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి జోడీ దొరకదు కాబట్టి లెక్కలన్నీ వీటి మీదే చేద్దాం.

పికప్, మైలేజ్, డిక్కీ అంటూ పోల్చడం మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. ముందు ఒక్కటి అడగండి: ఈ బండి వరసగా మూడు వారాలు షెడ్డులో ఉంటే ఇల్లు గడుస్తుందా? పిల్లల స్కూలు, అమ్మానాన్నల ఆసుపత్రి, రాత్రి రెండింటికి ఎయిర్‌పోర్ట్, ఇవన్నీ దేంట్లో? జవాబు "ఇంకో బండి ఉంది" అయితే జీటీఐ గురించి మాట్లాడుకోవచ్చు. కాకపోతే కష్టం.

ఇక్కడే తయారయ్యే బండికి ముందు బంపర్, లోయర్ ఆర్మ్, రేడియేటర్ లాంటివి మామూలుగా నడిచే సరుకు. దేశం మొత్తం మీద కొన్ని వందలే ఉన్న దిగుమతి బండికి ఒక్క హెడ్‌లైట్ అయినా విదేశం నుంచి రావాలి, దానికి వారాలు పట్టొచ్చు. జీరో డెప్ పాలసీ (పార్టుల తరుగుదల కోయకుండా డబ్బిచ్చే బీమా) ఉంది కదా అంటారు. ఆ పాలసీ డబ్బులిస్తుంది, హెడ్‌లైట్ తెచ్చివ్వదు.

ఇక కింద తగలడం. జీటీఐ గ్రౌండ్ క్లియరెన్స్ 136 మి.మీ. వర్టస్‌ది ఖాళీగా 179, నిండా మనుషులెక్కితే 145. స్పీడ్ బ్రేకర్ అంటే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. కాలనీలో మనవాళ్లు రాత్రికి రాత్రి పోసే కాంక్రీటు దిబ్బకు ఆ ప్రమాణం సంగతి తెలీదు. వాటి మీద ఏటవాలుగా, ఒక్కో చక్రాన్ని ఎక్కిస్తూ దాటితే చాలావరకు గట్టెక్కుతారు. అసలు చిక్కు సెల్లార్ ర్యాంపు. అక్కడ ఏటవాలుగా తిప్పడానికి చోటుండదు.

చక్రాల మధ్య దూరం, నడుమ భాగం నేలకు ఉన్న ఎత్తు తెలిస్తే ర్యాంపు అంచు మీద ఏ కోణం దగ్గర తగులుతుందో లెక్క తేలుతుంది. జీటీఐకి ముందు వెనక చక్రాల మధ్య సుమారు 2.63 మీటర్లు. ఖాళీ బండి అయితే దాదాపు 12 డిగ్రీల దాకా ఫరవాలేదు. నలుగురెక్కి 30 మి.మీ. దిగిందనుకోండి, 9 డిగ్రీలకే అంచు గీసుకుంటుంది. వర్టస్ నిండా ఉన్నా 12 పైన తట్టుకుంటుంది. ర్యాంపు ఎనిమిది అడుగుల పొడవుకు ఒక అడుగు లేస్తే వాలు 7 డిగ్రీలు. ఆరడుగులకు ఒక అడుగైతే 9.5. చోటు చాలక బిల్డర్ నిటారుగా కట్టిన పాత అపార్ట్‌మెంట్లలో ఈ రెండో రకమూ కనిపిస్తుంది. ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచి ముందు పైనున్న చదును మీద, తర్వాత ర్యాంపు మీద పెట్టి చూడండి, రెండు నిమిషాల పని. రెండింటి తేడా 9 దాటితే, అంచు దగ్గర మూడు మీటర్ల మేర వాలును సగానికి తగ్గించి కట్టించాలి. అందుకు అసోసియేషన్ ఒప్పుకోవాలి. బండి కొనడం కన్నా అదే కష్టం కావచ్చు.

టైర్ల దగ్గరా ఇంతే. జీటీఐవి 225/40 ఆర్18. అంటే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య రబ్బరు గోడ 90 మి.మీ. వర్టస్ 205/55 ఆర్16లో అది 113. వానలో నీళ్లు నిండిన గుంటలో 60 మీద పడితే ఈ 23 మి.మీ. తేడాయే టైరు పక్క గోడ ఉబ్బుతుందా లేదా అన్నది తేలుస్తుంది. ఉబ్బిన టైరుకు ప్యాచ్ లేదు, మార్చాల్సిందే. తెలివైన మార్గం ఒకటుంది, 17 అంగుళాల రిమ్ములకు దిగి 225/45 ఆర్17 వేయించడం. మొత్తం వ్యాసం మూడు మి.మీ. లోపే తగ్గుతుంది, స్పీడోమీటర్‌కు తేడా తెలీదు, గోడ 101కి పెరుగుతుంది. కానీ పెద్ద బ్రేకుల బండ్లకు 17 రిమ్ము లోపలివైపు కాలిపర్‌కు (బ్రేక్ డిస్కును పట్టుకునే భాగం) తగలొచ్చు. ఒక రిమ్ము బిగించి, చేత్తో పూర్తిగా తిప్పి చూసిన తర్వాతే నాలుగూ కొనండి.

గేర్‌బాక్స్ విషయంలో మాత్రం లెక్క తిరగబడుతుంది. ట్రాఫిక్‌లో నలిగేది కలల బండి కాదు, రోజువారీదే. వర్టస్ జీటీలో డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, తీసుకుంటే వచ్చేది డీక్యూ200 రకం, పొడి క్లచ్‌లు. జీటీఐలో క్లచ్‌లు నూనెలో మునిగి ఉంటాయి, వేడిని నూనె లాక్కుపోతుంది. పొడి క్లచ్‌కు ఆ సౌకర్యం లేదు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి సాయంత్రం పూట అడుగులో అడుగు వేసుకుంటూ పోతుంటే క్లచ్ సగం పట్టుకుని జారుతూనే ఉంటుంది, వేడెక్కుతుంది, ఒకటి రెండు గేర్ల మధ్య వణుకు మొదలవుతుంది. ముందు బండి కదలగానే వెనకే పాకకండి. బ్రేక్ పూర్తిగా తొక్కి ఉంచితే క్లచ్ విడిపోతుంది. ఒక బండి పొడవు ఖాళీ వచ్చాక ఒక్కసారి కదిలి మళ్లీ ఆగండి. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టొద్దు, సెల్లార్ ర్యాంపు మీద రివర్స్‌లో తచ్చాడొద్దు. ఈ బాధలేవీ పడలేమంటే అదే వర్టస్‌లో 1.0 లీటర్, 115 పీఎస్, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ ఉంది. రోజూ బంపర్ టు బంపర్‌లో నలిగేవాళ్లకు నా ఓటు దానికే. లేదూ 1.5 ఇంజినే కావాలంటే మాన్యువల్ తీసుకోండి.

పెట్రోలు ఖర్చు గురించి భయపడినంత ఉండదు. నెలకు సిటీలో 1000 కి.మీ. తిరిగితే, లీటరుకు 11 ఇచ్చే బండికి 91 లీటర్లు, 8 ఇచ్చేదానికి 125. తేడా 34 లీటర్లు. 53 లక్షల బండి కొనేవాళ్లకు అది అసలు లెక్కే కాదు. పెట్రోల్ ట్యాంక్ మూత లోపలి స్టిక్కర్ మాత్రం చదవండి, 95 ఆక్టేన్ అని ఉంటే 95 పోయించండి. థర్డ్ పార్టీ ప్రీమియం 2022 రేట్ల ప్రకారం 1500 సీసీ దాటితే ఏడాదికి 7,897, 1000 నుంచి 1500 మధ్య ఉంటే 3,416. జీవిత పన్ను ధర మీద శాతం కాబట్టి అసలు దెబ్బ అక్కడ. పైగా తెలంగాణలో అదే పేరు మీద రెండో బండి అయితే ఇంకో రెండు శాతం.

అయితే ఆ 265 పీఎస్ ఎక్కడ వాడతారు? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కి.మీ. ఉంది, 2023 నుంచి పరిమితి 120. వర్టస్ కూడా ఆ 120కి శ్రమ పడకుండా చేరుతుంది. జీటీఐ 5.9 సెకన్లలో 100 అందుకుంటుంది. ఆ సరదా టోల్ దాటిన ప్రతిసారీ ఆరు సెకన్లు. దాన్ని చులకన చేయను, చాలామందికి ఆ ఆరు సెకన్లే వారమంతా నెట్టుకొస్తాయి. ఇంకా కావాలంటే కోయంబత్తూరు కారీ ట్రాకుకో, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకో వెళ్లాలి. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌లో జరిగిన నష్టం మోటార్ పాలసీలో కవర్ కాదని గుర్తుంచుకోండి.

మధ్యేమార్గం అంటూ చాలామంది చూపు పాత స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ మీద పడుతుంది. 2017లో 24.62 లక్షలకు వచ్చిన 230 పీఎస్‌ది, 2020లో 200 బండ్లే తెచ్చి 35.99 లక్షలకు అమ్మిన 245 పీఎస్‌ది. చూడ్డానికి వెళ్లేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. ముందే స్టార్ట్ చేసి ఉంచితే అనుమానించండి. బానెట్ ఎత్తి, ఇంజిన్‌కు అతికి ఉండే ప్లాస్టిక్ వాటర్ పంప్, థర్మోస్టాట్ హౌసింగ్ కింద టార్చ్ వేయండి. గులాబీ రంగు ఎండిన పొర కనిపిస్తే కూలెంట్ కారుతోందన్నమాట. ఆ ప్లాస్టిక్ వేడికి వంకరపోవడం ఈ ఇంజిన్లకు మామూలే. 230 బండిలో ఆరు గేర్ల డీఎస్‌జీ నూనె, ఫిల్టర్ 60,000 కి.మీ.కి మార్చాలి, ఆ బిల్లు అడగండి. "లైఫ్‌టైమ్ ఆయిల్ సార్" అంటే మార్చలేదని అర్థం. రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) చేసిందా, తీసేసి అమ్ముతున్నారా అన్నది కంపెనీ స్కానర్ తెలిసిన మెకానిక్‌తో చూపించాలి. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రెడ్ ఎంతున్నా ఆ టైరు పనికిరాదు.

నీళ్లలో మునిగిన బండి అయితే మాత్రం బేరమే వద్దు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్నో బండ్లు నీళ్లలో నిలబడ్డాయి. సీటు తుడవొచ్చు, కార్పెట్ మార్చొచ్చు. సీటు బెల్టును మాత్రం ఆఖరు దాకా, ఇంక రాదనేంతవరకు లాగి చూడండి. లోపల చుట్టుకుని ఉండే చివరి అడుగున్నర పట్టీ మీద బురద గీత ఆరిపోయి అలాగే ఉంటుంది. అక్కడిదాకా ఎవరూ కడగరు. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇక్కడ కట్టాల్సిన జీవిత పన్ను కలిపి ధర లెక్కేయండి. లోన్ ఉండి తీరినదైతే ఫారం 35 (ఆర్‌సీలో బ్యాంకు పేరు తీసేయించే పత్రం) చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

రెండు బండ్లు పెట్టుకోగలిగితే రోజువారీ పనులకు మామూలుది, కలల బండికి ఆదివారం. కానీ ఆ ఆదివారం తప్పకూడదు. వారానికోసారి, ఇంజిన్ నూనె 90 డిగ్రీలకు చేరి ఇంకో ఇరవై నిమిషాలు నడిచేలా తిప్పాలి. సెల్లార్‌లోనే పది నిమిషాలు ఆన్ చేసి ఆపితే నూనెలో పెట్రోలు, తేమ చేరతాయి, మేలు కన్నా కీడే ఎక్కువ. నెల రోజులు ఊరెళ్తుంటే బ్యాటరీకి మెయింటెయినర్ ఛార్జర్ తగిలించండి, టైర్లలో గాలి నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ పెట్టండి. ఎలుకల సంగతి హైదరాబాద్ సెల్లార్లు తెలిసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కదలని బండి బానెట్ కిందే గూడు పెడతాయి.

ఏది కొన్నా టెస్ట్ డ్రైవ్ షోరూమ్ వాళ్లు చూపించే ఖాళీ రోడ్డు మీద వద్దు. సాయంత్రం ఆరున్నరకు, ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని, మీరు రోజూ వెళ్లే దారిలో నడిపి, చివర్లో మీ సెల్లార్‌లోకి దింపి మళ్లీ పైకి ఎక్కించండి. కింద గీసుకున్న చప్పుడు వినిపిస్తుందేమోనని పాటలు ఆపేసి.