లోపలి గాలి, బయటి గాలి

శనివారం రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో చివరగా వినిపించేది పంపు చప్పుడు. సైకిలును వరండా గోడకు ఆనించి, ముందు చక్రానికి 65, వెనక చక్రానికి 70 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) వచ్చే వరకు గాలి కొడతాను. నేను వంగి కొడుతుంటే మా అమ్మాయి పక్కన కూర్చుని మీటరులో అంకెలు చదువుతుంది. తెల్లవారి నాలుగున్నరకు శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర ఐదుగురం కలుస్తాం. అరసవల్లి దాటేసరికి ఇంకా చీకటే. గార మీదుగా కళింగపట్నం దీపస్తంభం చేరేసరికి సముద్రం మీద ఎరుపు వస్తుంది.

నేను లెక్కల టీచర్ని. రోడ్డు సైకిలు కొని నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో నేను నేర్చుకున్నదంతా గాలి గురించేనని అనిపిస్తుంది. టైరు లోపల ఉండే గాలి ఒకటి, బయట మొహాన కొట్టే గాలి ఇంకొకటి.

ముందు లోపలి సంగతి. సైకిలు కొన్న కొత్తలో టైరు ఎంత గట్టిగా ఉంటే అంత వేగం వస్తుందని నమ్మాను. టైరు అంచు మీద 120 పీఎస్‌ఐ అని అచ్చు వేసి ఉంటే, దాదాపు అంతా నింపేదాన్ని. అది మించకూడని హద్దు మాత్రమేనని, అంత నింపమని కాదని చాలా ఆలస్యంగా తెలిసింది. గట్టి టైరు అద్దంలాంటి నేల మీద బాగానే దొర్లుతుంది. అతుకులు వేసిన రోడ్డు మీద మాత్రం ఎగిరెగిరి పడుతుంది. ఎగిరిన ప్రతిసారీ కాళ్ల సత్తువ వృథా అవుతుంది, ఒళ్లు హూనమవుతుంది. 25 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు తీసేసి 28వి వేయించుకుని గాలి తగ్గించాక నా అరచేతుల తిమ్మిరి పోయింది. వేగం ఏమీ తగ్గలేదు. నా బరువు 58 కిలోలు. 80 కిలోల మనిషికి నేను కొట్టే 65, 70 చాలవు. మరీ తగ్గించినా ప్రమాదమే. గుంతలో పడగానే ట్యూబు రిమ్ముకు, నేలకు మధ్య నలిగి, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

పోయిన ఏడాది సంక్రాంతికి ముందు ఒక ఆదివారం, కళింగపట్నం నుంచి తిరిగి వస్తున్నాం. మిగిలిన నలుగురూ ముందు వెళ్లిపోయారు. రోడ్డుకు ఒక పక్కన ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. ఆరబోసిన రైతుల మీద నాకు కోపం లేదు. తేమ దిగకపోతే ధర రాదు, ఆరబోయడానికి అంత చదునైన జాగా ఊళ్లో ఇంకెక్కడుంది? గింజలు ఎత్తుకుపోయాక రాళ్లను అక్కడే వదిలేయడం మాత్రం బాధ కలిగిస్తుంది. చీకట్లో వచ్చేవాళ్లకు అవి కనిపించవు. ఆ రోజు ఎదురుగా లారీ వస్తుంటే మట్టి అంచులోకి దిగాను. మళ్లీ రోడ్డెక్కి కాస్త దూరం పోయానో లేదో వెనక చక్రం మెత్తబడింది.

చక్రం తిప్పి చూస్తే పల్లేరుకాయ. ఎండిన పల్లేరుకాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే నిలబడి ఉంటుంది. దాన్ని పీకి పారేసి, సంచిలో ఉన్న కొత్త ట్యూబు వేసి, చిన్న పంపుతో చేతులు పడిపోయేదాకా గాలి కొట్టి బయలుదేరాను. రెండు కిలోమీటర్లు రాకముందే అదే చక్రం మళ్లీ దిగిపోయింది. ఇక ట్యూబు లేదు. సైకిలు నడిపించుకుంటూ రోడ్డు పక్కన ఒక మెకానిక్కు దుకాణం చేరాను. వేపచెట్టు కింద రేకుల పాక, ముందు నీళ్ల తొట్టి.

అక్కడున్న పెద్దాయన నన్నూ సైకిలునూ మార్చి మార్చి చూసి, "స్కూటీ పాడైందా అమ్మా, ఇంత దూరం దీని మీద వచ్చారు?" అన్నారు.

"లేదు బాబాయ్, ఇష్టమై వచ్చాను" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

ట్యూబును తొట్టిలో ముంచగానే బుడగలు సన్నగా లేచాయి. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టి, తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి పక్కన ఆరబెట్టారు. నేను అప్పుడే టైరు ఎక్కించబోయాను. "ఆగమ్మా" అని పాత నూలు గుడ్డ ఒకటి తీసి, టైరు లోపల చుట్టూ మెల్లగా లాగారు. ఒకచోట గుడ్డ పోగు పట్టుకుంది. అక్కడ వేలితో నొక్కి, పట్టకారుతో బయటికి లాగితే, బియ్యపు గింజలో సగం కూడా లేని ముల్లు మొన. నేను కాయను పీకినప్పుడు విరిగి లోపలే ఉండిపోయిందది. "పంక్చరు వేయడం ఎంతసేపమ్మా, ముల్లు వెతకడమే పని" అన్నారు.

చివరికి ఆయన పంపు మా సైకిలు సన్నటి వాల్వుకు పట్టలేదు. మళ్లీ నా చిన్న పంపే దిక్కయింది. తరువాతి వారం ఒక ఇత్తడి అడాప్టరు తీసుకెళ్లి ఇచ్చాను. శనగ గింజంత ఉంటుంది. వాల్వు మీద బిగిస్తే మోటారు సైకిలుకు గాలి కొట్టే పంపు దీనికీ సరిపోతుంది. దాన్ని ఆయన తీగకు గుచ్చి మేకుకు తగిలించారు. ఇప్పుడు ఆ దారిలో వెళ్లే మా అందరికీ అదే ఆధారం.

బయటి గాలికి మాత్రం ఎవరి దగ్గరా పనిముట్టు లేదు. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. దాన్ని నెట్టుకుంటూ పోవడానికి ఎనిమిదింతల శక్తి కావాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, 15 కిలోమీటర్ల ఎదురుగాలి వీచిందనుకోండి. ఒంటికి తగిలేది 40 కిలోమీటర్ల గాలి. అడ్డు రెండున్నర రెట్లు. తొమ్మిదో తరగతి పిల్లలకు వర్గాలు చెప్పేటప్పుడు నేను ఇదే లెక్క చేయిస్తాను.

కళింగపట్నం మాకు దాదాపు తూర్పున ఉంది. మే నెలలో నైరుతి గాలి. వెళ్లేటప్పుడు వీపు తట్టి పంపిస్తుంది, వచ్చేటప్పుడు ఎడమ భుజం ముందు నుంచి కొడుతుంది. చలికాలంలో ఈశాన్యపు గాలి. అప్పుడు వెళ్లేటప్పుడే ఎదురు, అదీ ఎడమ ముందు నుంచే. అంటే ఏ కాలంలోనైనా ఎదురుగాలి తగలకుండా ముందున్న సైకిలు చాటుకు చేరాలంటే దాని వెనక కాస్త కుడికి జరగాలి. కుడికి జరిగితే లారీల దారిలోకి పోయినట్టే. అందుకే ఆ రోడ్డు మీద మేం పూర్తి చాటు కోరుకోం. ఒకరి వెనక ఒకరం వరుసగా ఉండి, దొరికినంతే తీసుకుంటాం. ముందున్నవాళ్లు రెండు నిమిషాలకోసారి వెనక్కి వచ్చేస్తారు. చీకట్లో గాలి ఎటు తిరిగిందో తాటిచెట్లే చెబుతాయి. తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదరవంటారు. నాకు మాత్రం ఆ గలగల మొదలైందంటే గేరు తగ్గించమని చెప్పినట్టే.

ఈ శీతాకాలం మొదటి 200 కిలోమీటర్ల బ్రెవే, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిలు ప్రయాణం, పూర్తి చేయాలని ఉంది. గడువు పదమూడున్నర గంటలు. సగటున గంటకు 15 కిలోమీటర్లు కూడా అక్కర్లేదు. కానీ ఆగిన ప్రతి నిమిషమూ, తినే టిఫినూ, వేసే పంక్చరూ అందులోనే. అందుకే వచ్చే ఆదివారం విజయనగరం వెళ్లి వద్దామనుకున్నాం. చలికాలపు గాలి ఆ దారిలో వెళ్లేటప్పుడు వెనక నుంచే ఉంటుంది. అప్పుడు ఒళ్లు మరిచి తొక్కితే తిరుగు దారికి ఏమీ మిగలదు. కాబట్టి పోయేటప్పుడు వేగం గంటకు 22 కిలోమీటర్లు దాటకూడదని ఐదుగురం ఒప్పుకున్నాం. రెండు సీసాల నీళ్లు, పల్లీ ఉండలు సిద్ధం చేశాను. సీటు కింద సంచిలో ఈసారి రెండు ట్యూబులు, చిన్న పంపు, అరచేతి వెడల్పు పాత నూలు గుడ్డ.