‘దక్షః’ దాటేసి ‘ఉదాసీనః’ దగ్గర ఆగకండి

మా పారాయణ బృందంలో ఈమధ్య డిటాచ్‌మెంట్ అనే మాట తెగ వినిపిస్తోంది. తమ్ముడితో మాటలు మానేసినవారు ‘నాకు డిటాచ్‌మెంట్ వచ్చేసిందండీ’ అంటున్నారు. ఆసుపత్రిలో ఉన్న అమ్మకు డబ్బు పంపి ఊరుకున్నవారు ‘గీత చెప్పిందీ అదేగా’ అంటున్నారు. విన్నప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది. గీత అలా ఎక్కడ చెప్పింది?

పన్నెండో అధ్యాయం 16వ శ్లోకం రోజూ చదువుతున్నదే కదా. ‘అనపేక్షః శుచిర్దక్ష ఉదాసీనో గతవ్యథః’. ఉదాసీనుడు అనగానే మన వాడుకలో పట్టించుకోనివాడు అనే అర్థం వచ్చేస్తుంది. కానీ దానికి ఆనుకొని ముందే ‘దక్షః’ ఉంది. సంధిలో విసర్గ జారిపోతుంది, మనం గబగబా దాటేస్తాం. ఎదురొచ్చిన పనిని అప్పటికప్పుడు, తగిన విధంగా అందుకోగలవాడు దక్షుడని శంకరుల భాష్యం. ఇక ఉదాసీనుడంటే స్నేహితుడనో మరొకడనో ఎవరి పక్షమూ పట్టనివాడు. వదలమన్నది పక్షపాతాన్ని. పనిని కాదు, మనిషిని అసలే కాదు. మూడు శ్లోకాల ముందేగా స్వామి ‘మైత్రః కరుణ ఏవ చ’ అన్నాడు!

మా తాతయ్య పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు నాయనమ్మ పాత పంచె ముక్కను గోరువెచ్చని నీళ్లలో పిండి, ఆయన వేళ్ల సందులు కూడా వదలకుండా తుడిచేది. ఆయనేమో విసుగొచ్చి జావ గిన్నె తోసేసేవాడు. ఆవిడ నేల తుడుచుకొని, మళ్లీ కలిపి తెచ్చేది. ‘ఇంత చేస్తే ఒక్క మంచి మాటైనా అనడేం?’ అని నేను ఉడుక్కుంటే, ‘మాట కోసమా చేస్తున్నాను?’ అని లోపలికి వెళ్లిపోయేది. అనపేక్షః, అంటే దేన్నీ ఆశించనివాడు, అన్నచోట నాకిప్పటికీ ఆ గిన్నే కనిపిస్తుంది.

తాతయ్య పోయిన రోజు ఆవిడ భోరున ఏడ్చింది. గతవ్యథః, అంటే బాధ తొలగినవాడు, అని ఉందే, మరి ఈ ఏడుపేమిటని చాలాకాలం తికమకపడ్డాను. భాష్యం చూస్తే శంకరులు అక్కడ గతభయః అని రాశారు. నిజమే, ఆ రెండేళ్లలో నాయనమ్మ ముఖాన భయం నేనెప్పుడూ చూడలేదు.

వచ్చే ఏకాదశికి పారాయణ మొదలుపెట్టేలోపు ఆ తమ్ముడికి ఒక్క ఫోన్ చేయండి. అమ్మ ఆసుపత్రిలో ఉంటే అక్కడికే వెళ్లండి. గీత పుస్తకం సంచిలో పెట్టుకోండి, మంచం పక్కన కూర్చొని ఆవిడకు వినబడేలా చదవొచ్చు.