గోల్ఫ్ డ్రైవర్ క్యారీ: 190 నుంచి 215 గజాలకు

గోల్ఫ్‌లో ఎక్కువ దూరం కొట్టే పొడవాటి క్లబ్ డ్రైవర్. బంతి గాల్లో ఎగిరి నేల తాకేదాకా పోయిన దూరం క్యారీ. ముందు అంకెలు. వానాకాలం చివర్లో లాంచ్ మానిటర్ (క్లబ్, బంతి వేగాలు కొలిచే యంత్రం) మీద నా సగటు క్లబ్ స్పీడ్ గంటకు 90 మైళ్లు, బాల్ స్పీడ్ 124, క్యారీ 190 గజాలు. ఇప్పుడు క్లబ్ స్పీడ్ 92, బాల్ స్పీడ్ 133, క్యారీ 215. అంటే ఊపులో పెరిగింది రెండు మైళ్లే. మిగతాదంతా బంతి క్లబ్ ఫేస్ (బంతిని తాకే ముఖం) మీద ఎక్కడ, ఏ కోణంలో తగులుతోందన్న దాంట్లోంచి వచ్చింది.

బాల్ స్పీడ్‌ని క్లబ్ స్పీడ్‌తో భాగిస్తే వచ్చేదే స్మాష్ ఫ్యాక్టర్. డ్రైవర్‌తో ఎంత బాగా కొట్టినా అది 1.5 దగ్గర ఆగుతుంది. నాది 1.38 ఉండేది. చేతిలో ఉన్న స్పీడే ఇలా వృథాగా పోతుంటే జిమ్‌లో చెమటోడ్చి ఏం లాభం?

అందుకే మొదటి పని మార్కర్‌తో. వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతి మీద లావుగా ఒక చుక్క పెట్టి, చుక్క ఫేస్‌కి ఎదురుగా ఉండేలా టీ (బంతిని నిలిపే చిన్న పుల్ల) మీద నిలబెట్టాలి. కొట్టాక ఫేస్ మీద నీలం మచ్చ పడుతుంది. తడిగుడ్డతో తుడిచి మళ్లీ కొట్టడమే. నా మచ్చలన్నీ హీల్ (కర్ర అతికే చోటు) వైపు, కింది అంచు దగ్గర పడేవి. కింద తగిలితే స్పిన్ పెరిగిపోతుంది, బంతి పైకి లేచి ముందుకు పోకుండా అక్కడే వాలిపోతుంది. గ్రిప్ అర అంగుళం కిందికి పట్టుకుని, బంతికి వేలెడు దూరం వెనక్కి జరిగి నిలబడ్డాను. మచ్చ మధ్యకి వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ గజాలు ఇక్కడే దొరికాయి.

తర్వాత కోణం, అంటే తగిలే క్షణంలో క్లబ్ కిందికి దిగుతోందా, పైకి లేస్తోందా అన్నది. పీజీఏ టూర్‌లో ఆడే ప్రొఫెషనల్ మగవాళ్లు సగటున డ్రైవర్‌ని ఒక డిగ్రీ కిందికే కొడతారు. 94–96 మైళ్ల దగ్గర ఊపే ఎల్‌పీజీఏ ప్రొఫెషనల్ ఆడవాళ్లు దాదాపు మూడు డిగ్రీలు పైకి కొట్టి 220 గజాల దగ్గర క్యారీ తీస్తారు. మనలాంటి స్పీడ్ వాళ్లు చూసి నేర్చుకోవాల్సింది వాళ్లనే, టీవీలో కండలు తిరిగిన కుర్రాళ్లని కాదు. సగం బంతి డ్రైవర్ పై అంచు దాటి కనిపించేంత ఎత్తులో టీ, ఎడమ మడమకి ఎదురుగా బంతి, కుడి భుజం కాస్త కిందికి. బంతి వెళ్లే వైపు, బంతికి అడుగు దూరంలో ఖాళీ బంతుల డబ్బా పెడతాను. పై నుంచి కొడితే డబ్బా ఎగిరిపోతుంది. కోచ్ చెప్పే వంద మాటల కన్నా ఆ డబ్బా చప్పుడు నయం.

లెక్క రాసేటప్పుడు క్యారీయే రాయాలి. చలికాలం పొద్దున్నే మంచు తడికి బంతి పడ్డచోటే ఆగుతుంది, ఏప్రిల్‌లో ఎండిన ఫెయిర్‌వే (గడ్డి పొట్టిగా కత్తిరించిన దారి) మీద దొర్లుతూనే ఉంటుంది. ఆ రెండూ పోల్చుకుంటే ఉత్త టెన్షన్. ప్రాక్టీస్ రేంజ్‌లో అరిగిపోయిన బంతులూ తక్కువే వెళ్తాయి కాబట్టి, అక్కడ క్యారీ కన్నా బాల్ స్పీడ్ చూడటం మేలు. నేను ఆడే హైదరాబాద్‌తో పోలిస్తే విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో అదే దెబ్బ మూడు నాలుగు గజాలు తక్కువ పోవాలి. దానికి తేమ కారణం అనుకుంటారు చాలామంది. నిజానికి హైదరాబాద్ సముద్రమట్టానికి ఐదు వందల మీటర్లకు పైనే ఉంది, ఇక్కడ గాలి పలచన.

కొత్త డ్రైవర్ కొనలేదు. హెడ్ సైజు 460 సీసీ దాటకూడదు, ఫేస్ స్ప్రింగ్‌కీ హద్దు ఉంది. అందుకే పాతదాని మీద ఇరవై గజాలు ఎక్కువన్న ప్రకటన చూస్తే నవ్వొస్తుంది. లాఫ్ట్ (ఫేస్ వాలు), షాఫ్ట్ (క్లబ్ కర్ర) మనకి కుదరకపోతే అది వేరే సంగతి.

స్పీడ్ పని ఇప్పుడే మొదలైంది. మేడ మీద, ఒళ్లు బాగా వేడెక్కాక, డ్రైవర్ తిరగేసి హెడ్ దగ్గర పట్టుకుని పూర్తి బలంతో ఊపడం. రయ్యిమనే శబ్దం బంతి ఉండే చోటు దాటాక రావాలి, ముందే వస్తే బలం పైనే అయిపోయినట్టు. రోజు విడిచి రోజు చేస్తున్నాను, నడుము పట్టేస్తే ఆ వారం బంద్.

స్పిన్ ఇంకా నిమిషానికి 3100 చుట్ల దగ్గరే ఉంది, 2700కి దించాలి. వచ్చే నెల ఇదే హెడ్‌ని వేరే షాఫ్ట్‌తో కొట్టి చూస్తాను.