ఒకటో తారీకు లెక్కలు

శ్రీకాకుళం
డిసెంబర్ 1, 2025, సోమవారం

పొద్దున్నే సచివాలయం అమ్మాయి వచ్చి అత్తకి పింఛను 4,000 ఇచ్చి వెళ్లింది. ఆ నోట్లు బీరువాలో చీర మడతలో పెట్టమంది అత్త. పక్కనే మందుల డబ్బా. ఎప్పుడో అయిపోవాల్సిన బీపీ మాత్రలు ఇంకా సగం ఉన్నాయి.

"రోజిడిసి రోజు ఏసుకుంతన్నానమ్మా. ఒల్లు బాగానే ఉంది కదేటి. అన్నీ మింగేస్తే మల్లా ఆటో ఎక్కి ఎల్లాల" అంది.

మాత్రలు ఆస్పత్రిలో ఊరికే ఇస్తారు. ఆవిడ మిగిల్చేది ఆటో డబ్బులు! నాకు గుండె గుభేలుమంది. అత్త పుట్టిల్లు ఉద్దానం ప్రాంతంలో, కవిటి దగ్గర. ఆవిడ తమ్ముడు డయాలసిస్ మీద ఉన్నాడు. అక్కడ చాలామందిని పట్టిన కిడ్నీ జబ్బుకి మూలకారణం ఇంకా తేలలేదు గానీ, బీపీని వదిలేస్తే కిడ్నీలు పాడవుతాయని ఏ డాక్టరైనా చెప్తాడు.

వంట ముగించి, పాప పేరు మీదున్న సుకన్య సమృద్ధి పొదుపు ఖాతాలో డబ్బు కట్టడానికి పోస్టాఫీసుకి వెళ్లాను. అయిదో తేదీ దాటితే ఆ నెల వడ్డీ రాదు. ఇప్పుడు 8.2 శాతం ఇస్తున్నారు. మేం కట్టేది జాతీయ చిన్న మొత్తాల పొదుపు నిధికి చేరుతుంది, అందులోంచి ప్రభుత్వం అప్పు తీసుకుంటుంది. మా పొదుపే వాళ్ల అప్పు. దాంతో ఏం చేస్తున్నారని అడిగే హక్కు ఆ క్యూలో నిలబడ్డ ప్రతి మనిషికీ ఉంది.

ఈ ఏడాది, 2025-26, కేంద్ర బడ్జెట్ 50.65 లక్షల కోట్లు. అందులో వడ్డీలకే 12.76 లక్షల కోట్లు, అంటే రూపాయిలో పావలా. లోటుని, అంటే రాబడి చాలక తెచ్చే అప్పుని, జీడీపీలో 4.4 శాతం దగ్గర ఆపుతామన్నారు. కరోనా ఏడాది, 2020-21లో, అది 9.2 శాతం. ఆ ఖర్చుని నేను తప్పుపట్టను. జనమంతా భయపడి డబ్బు తీయడం మానేసిన రోజులవి. మా వీధి టైలరుకి బ్లౌజు కుట్టించుకునేవాళ్లే లేరు. అప్పుడు ప్రభుత్వమూ చేతులు ముడుచుకుంటే అతను ఏం తిని బతకాలి?

2003లో చేసిన ద్రవ్య బాధ్యత చట్టం లోటుని 3 శాతానికి దించాలంటుంది. హద్దు ఉండాల్సిందే. కానీ ఎంత ఖర్చుపెట్టారన్నదే చూస్తే, దేనికి పెట్టలేదన్నది కనబడకుండా పోతుంది. ఉద్దానం జబ్బు గురించి 1990ల నుంచే తెలుసు. హిరమండలం రిజర్వాయరు నీళ్లని అక్కడి ఊళ్లకి తెచ్చే 700 కోట్ల పథకం ప్రారంభమైంది 2023 డిసెంబర్‌లో. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి కూడా అప్పుడే. మధ్యలో అన్నేళ్లు ఆ డబ్బు ఖర్చు కాలేదు కాబట్టి, ఏదో ఒక లెక్కలో మిగిలినట్టే కనబడి ఉంటుంది. జబ్బుకి నీరే కారణమని రుజువు కాలేదంటారు. మనుషులకి మంచినీళ్లివ్వడానికి రుజువెందుకు? ఇవాళ డయాలసిస్ రోగులకి నెలకి 10,000 పింఛను ఇస్తున్నారు. ఇవ్వాలి కూడా. అత్త తమ్ముడి ఇల్లు దాని మీదే నడుస్తోంది. అత్త మాత్రలు దాచుకోవడం, సర్కారు నీళ్ల పథకాన్ని వాయిదా వెయ్యడం నాకు ఒకటే అనిపిస్తున్నాయి. రెండూ పొదుపులా కనబడే అప్పులు. కట్టాల్సింది వేరేవాళ్లు, వేరే రోజున.

సాయంత్రం ఆయన పైడిభీమవరం నుంచి డ్యూటీ దిగి వచ్చి టీవీ సంగతి ఎత్తారు. సెప్టెంబర్‌లో పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, వాయిదాల్లో తీసుకుందామని. కొనుక్కోవాలి. రాత్రీపగలూ షిఫ్టులు చేసే మనిషికి ఆ మాత్రం సరదా ఉండొద్దా? కాకపోతే వాయిదాల్లో వద్దు, ఉగాదికి డబ్బు కూడబెట్టుకుని తెచ్చుకుందాం అన్నాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత సరేనన్నారు.

రేపు అత్తని ఆస్పత్రికి తీసుకెళ్లి బీపీ చూపించి, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించాలి. ఖర్చుల పుస్తకంలో అద్దె కిందనే "అత్త ఆటో" అని రాసి నెలకి 200 వేశాను. టీవీ డబ్బులు ఆ తర్వాతి వరసలో.