గెడ్డం కింద చెయ్యి

మా పిన్ని కొడుకు ఎప్పుడు చూసినా గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు, మేమేమో వాడికదో అలవాటు అనుకున్నాం. ఇరవై ఏళ్ల కుర్రాడు. మెడ పట్టేసిందంటే దిండు మార్చమన్నాం, ఫోన్ తగ్గించమన్నాం, ఊళ్లో ఒకాయన చేత నూనె రాయించి మెడ తిప్పించాం కూడా (తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది). మంచం మీంచి లేవాలంటే రెండు చేతుల్తో తల పట్టుకుని లేచేవాడు. మెడ ముందుకి ఒరిగిపోయింది, అన్నం మింగుడు పడట్లేదన్నాడు, ఒకరోజు చొక్కా గుండీలు పెట్టుకోలేక అలా నిలబడిపోయాడు. అప్పుడు తీయించాం ఎంఆర్ఐ.

మెడలోని సీ5, సీ6 అనే పూసలు ముందువైపు తినేసి ఉన్నాయి, చుట్టూ చీము, ముందుకొచ్చి గొంతుని నొక్కుతోంది, వెనక్కెళ్లి వెన్నుపాముని నొక్కుతోంది. టీబీ అన్నారు. దగ్గే లేదు కదండీ అని పిన్ని అడుగుతూనే ఉంది. రక్తంలో కలిసి పూసలకి చేరుతుందట, దగ్గు ఉండాలనేం లేదు. 1779లోనే పెర్సివల్ పాట్ అనే ఇంగ్లీష్ సర్జన్ దీని గురించి రాశాడు, అందుకే పాట్స్ డిసీజ్ అంటారు.

మందులతోనే తగ్గేవాళ్లు చాలామందట, కానీ చేతుల్లో పట్టు పోతోంది, మెడ వంగింది కాబట్టి ఆపరేషన్ తప్పదన్నారు. వెనక కోస్తారనుకున్నాం, ముందు నుంచి కోశారు. శ్వాసనాళం, అన్నవాహిక ఒక పక్కకి జరిపి, చీము, పాడైన ఎముక తీసేసి, వాడి తుంటి ఎముకలోంచే ఓ ముక్క తీసి ఖాళీలో కూర్చోబెట్టి టైటానియం ప్లేటు బిగించారు. ఇలా ముందు నుంచి వెళ్లి శుభ్రం చేసి ఎముక పెట్టే పద్ధతిని 1956లో హాంకాంగ్‌లో హాడ్జ్సన్, స్టాక్ అనే డాక్టర్లు వివరించారట, అందుకే హాంకాంగ్ ఆపరేషన్ అంటారు. చీమున్న చోట లోహం పెడితే ఎలా అని నాకు డౌట్. టీబీ క్రిమి మిగతా బాక్టీరియాలా లోహాన్ని పట్టుకుని అంతగా గూడు కట్టదన్నారు డాక్టర్ గారు.

లేచాక మావాడి మొదటి కంప్లైంట్ మెడ గురించి కాదు, తుంటి గురించి!

చీముని జీన్ఎక్స్‌పర్ట్ టెస్టుకి పంపితే టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందని వచ్చింది, అదొక్కటీ అదృష్టం. ఆ మాత్రతో యూరిన్ ఎర్రగా వస్తే రక్తమనుకుని అర్ధరాత్రి ఫోన్ చేశాడు. కోత మానింది, మెడకి పెట్టిన కాలర్ తీసేశారు, మాత్రలు మాత్రం ఏడాది వాడాలి. ఐదో నెలలో బానే ఉన్నాను కదా అని మూడ్రోజులు మానేశాడు వెధవ. అప్పట్నించీ స్ట్రిప్పులు పిన్ని దగ్గరే, పొద్దున్నే వాడు నోరు తెరిచి చూపించాకే టిఫిన్.