పాలసీలో 3,000 గది, ఆసుపత్రిలో 6,000 గది

ఒడిశా అంచున ఉన్న మా పర్లాకిమిడిలో కామెర్లు అనగానే ముందు ఆకు పసరు గుర్తుకొస్తుంది. నాకూ మూడు రోజులు పోయించారు. గాల్ బ్లాడర్ (పిత్తాశయం) నుంచి జారిన రాయి పిత్తనాళానికి (పైత్యరసం పేగులోకి పోయే గొట్టం) అడ్డం పడితే వచ్చే కామెర్లు పసరుతో తగ్గవు. గుర్తులు వేరుగా ఉంటాయి: నూనె వంటకాలు తిన్న గంట రెండు గంటలకు కుడి డొక్క పైభాగంలో నొప్పి, అది కుడి భుజం దాకా పాకడం, వాంతులు, మూత్రం ముదురు రంగు, మలం తెల్లబారడం. వీటికి చలిజ్వరం తోడైతే నాళంలో చీము పడుతున్నట్టే. ఆ రాత్రే పెద్దాసుపత్రికి బయల్దేరాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

నా రక్తపరీక్షలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) మొత్తం 7.4, అందులో డైరెక్ట్ (కాలేయం మార్చి పంపిన భాగం) 5.9. డైరెక్ట్ ఎక్కువగా ఉందంటే నాళంలో అడ్డంకిని అనుమానించాలి. అల్ట్రాసౌండ్‌లో గాల్ బ్లాడర్ రాళ్లు కనిపించాయి, నాళంలో రాయి మాత్రం ఎంఆర్‌సీపీ అనే పిత్తనాళాల ఎంఆర్ఐ స్కాన్‌లోనే బయటపడింది. వైద్యం విశాఖలో రెండు దఫాలుగా జరిగింది. మొదట ఈఆర్‌సీపీ: నోటి ద్వారా ఎండోస్కోపు పంపి, నాళం మూతిని కొంచెం కోసి, రాయి లాగి, నాళం మూసుకోకుండా ప్లాస్టిక్ స్టెంట్ (సన్నని గొట్టం) పెట్టారు. ఆ తర్వాత కడుపు నొప్పి పెరిగితే క్లోమం వాచిందేమోనని రక్తంలో అమైలేజ్, లైపేజ్ అనే ఎంజైములు చూస్తారు. నాకు ఆ ఇబ్బంది రాలేదు. మూడో రోజు ల్యాప్రోస్కోపీతో గాల్ బ్లాడర్ తీశారు. కడుపు మీద నాలుగు చిన్న గాట్లు, అంతే.

ఇక డబ్బు సంగతి. ఊరు దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. మాట ఒకటే, చుట్టరికాలూ అక్కడే. కానీ ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) ఆంధ్ర కార్డుకే వర్తిస్తుంది. ఒడిశా వాళ్లకు 2018 నుంచి బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన అనే ఉచిత వైద్య పథకం ఉండేది. 2025లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరాక దాని చోట ఆయుష్మాన్, రాష్ట్ర పథకం గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపిన కార్డు వచ్చింది: కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు మరో 5 లక్షలు. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటినా పనిచేస్తుంది, అయితే ఆ ఆసుపత్రి జాబితాలో ఉండాలి, మీ జబ్బు విభాగం కూడా అందులో నమోదై ఉండాలి. బయల్దేరే ముందు ఆసుపత్రిలోని ఆయుష్మాన్ మిత్రను (కార్డుల పని చూసే సహాయకుడు) ఈ రెండూ అడగండి. ఇంట్లో 70 దాటిన వాళ్లుంటే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, తీసి ఉంచండి.

నాకు అర్హత ఇచ్చే రేషన్ కార్డు లేదు, ప్రైవేటు ఆరోగ్య బీమా పాలసీ ఉంది. గాల్ బ్లాడర్ రాళ్లకు చాలా పాలసీల్లో 24 నెలల నిరీక్షణ (పాలసీ తీసుకున్నాక అంతకాలం ఆ జబ్బుకు డబ్బు రాదు) ఉంటుంది. నాది మూడో ఏడు కాబట్టి ఆ గండం గడిచింది. దెబ్బ గది అద్దె దగ్గర తగిలింది. పాలసీ 3 లక్షలు, గది పరిమితి అందులో ఒక శాతం, అంటే రోజుకు 3,000. చేరిన గది 6,000. తేడా మూడు వేలే కదా అనుకుంటాం, కంపెనీ అలా లెక్కగట్టదు. గది సగమే చెల్లుతుంది కాబట్టి దానికి ముడిపడిన ఖర్చులూ సగమే ఇస్తుంది.

ఐదు రోజుల గది 30,000, డాక్టర్లు, థియేటర్, నర్సింగ్ 90,000, మందులు 30,000, పరీక్షలు 26,000, గ్లౌజుల వంటివి 4,000. మొత్తం 1,80,000. వచ్చింది 1,16,000. గదిలో 15,000, డాక్టర్లు, థియేటర్ పద్దులో 45,000 కోత పడ్డాయి, గ్లౌజులకు అసలు ఇవ్వలేదు. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ల మీద గది లెక్కన వేసే ఈ దామాషా కోత వేయకూడదు, వేస్తే నిలదీయండి.

చాలామంది ఇక్కడే వదిలేస్తారు. వదలకూడదు. గది మారినా రేటు మారని ఖర్చుల మీద దామాషా కోత చెల్లదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020 మార్గదర్శకాల్లోనే చెప్పింది. సర్జన్, మత్తు డాక్టర్, ఈఆర్‌సీపీ ఫీజులు అన్ని గదులకూ ఒకటేనని ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాను. ఆ మూడూ కలిపి 60,000. ఉత్తరం, బిల్లు విడివివరాలు జతచేసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపితే 30,000 తిరిగొచ్చింది. నెలలో జవాబు రాకపోయినా, కాదన్నా భువనేశ్వర్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా తగాదాలు తీర్చే అధికారి) ఉన్నారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాది లోపు రాయాలి.

డిశ్చార్జి రోజున ఇంకొకటి. ఆసుపత్రి తుది బిల్లు పంపాక మూడు గంటల్లో కంపెనీ తేల్చాలని 2024 నిబంధన. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వేస్తే అది కంపెనీయే భరించాలి. బిల్లు పంపిన సమయం రాయించి ఉంచుకోండి.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పోయింది. 20,000 ప్రీమియం మీద 3,600 మిగులుతుంది, సంతోషమే. కానీ కమీషన్ల మీదా అద్దెల మీదా కట్టిన పన్నును కంపెనీలు ఇక వెనక్కి తీసుకోలేవు. ఆ భారం అసలు ప్రీమియంలోకి జారితే మిగులు తరుగుతుంది. సంస్కరణల చర్చంతా ఈ ప్రీమియం చుట్టూనే తిరగడం నాకు బాధ. 3,600 మిగిల్చి గది పరిమితి దగ్గర 60,000 పోగొట్టే పాలసీ పేదింటిని కాపాడదు. దామాషా కోతను పూర్తిగా ఎత్తేయాలి. అంతవరకు ప్రతి పాలసీతో ఇచ్చే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌లో (పాలసీ ముఖ్యాంశాల కాగితం) గది అద్దె వరుస చదివాకే సంతకం పెట్టండి.

ఇంటికొచ్చాక నెలరోజులు నూనె తగ్గించాను, బరువులెత్తలేదు. స్టెంట్ సంగతి మాత్రం మరవకూడదు. ప్లాస్టిక్‌ది నెలల తరబడి వదిలేస్తే పూడిపోయి మళ్లీ కామెర్లు, చలిజ్వరం వస్తాయి. ఆరో వారంలో తీయించుకున్నాను. నా పాలసీలో డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చులు, చేరకముందు 30 రోజులవీ వస్తాయి కాబట్టి ఆ బిల్లు, ఎంఆర్‌సీపీ బిల్లు చెల్లాయి. ఊళ్లో చేయించిన రక్తపరీక్షకు తెల్లకాగితం మీద రాసిచ్చిన చీటీ చెల్లలేదు. నంబరున్న బిల్లు, డాక్టర్ చీటీ, రిపోర్టు మూడూ ఉండాలి. ఈ రెన్యువల్‌కు గది పరిమితి లేని ప్లాన్‌కు మారాను. మూడేళ్ల నిరీక్షణ లెక్క కొత్త ప్లాన్‌లోనూ కొనసాగుతుందని కంపెనీ చేత రాయించుకున్నాకే డబ్బు కట్టాను.