సింగపూర్ రేసు కోసం గొడవ

నిన్న రాత్రి బ్రాడీపేటలో టీ తాగుతుంటే మా బావ మళ్లీ మొదలెట్టాడు. "2023 ఎఫ్1 కార్ల రేసుల సీజనూ ఒక సీజనేనా? 22 రేసుల్లో 19 వెర్‌స్టాపెనే గెలిచాడు. ఇంక టెన్షన్ ఎక్కడ?"

2021 వేరు, ఒప్పుకుంటాను. హామిల్టన్, వెర్‌స్టాపెన్ చెరో 369.5 పాయింట్లతో ఆఖరి రేసుకి అబుదాబికొచ్చారు. టైటిల్ ఆఖరి ల్యాప్‌లో తేలింది. ఆ రాత్రి కలిపిన అన్నం కంచంలోనే ఎండిపోయింది నాకు.

కానీ 2023లో సింగపూర్ ఉంది కదా! వెర్‌స్టాపెన్ జట్టు రెడ్‌బుల్ ఆ ఏడాది ఓడిన ఒకే ఒక్క రేసు. ముందున్న ఫెరారీ డ్రైవర్ సైన్జ్ కావాలనే వేగం తగ్గించి, వెనకే వస్తున్న మెక్‌లారెన్ డ్రైవర్ నోరిస్‌ని సెకను దూరంలోనే ఉంచుకున్నాడు. అప్పట్లో ముందు కారుకి సెకనులోపు ఉంటే వెనక రెక్క తెరిచి వేగం పెంచుకోనిచ్చేవారు, అదే డీఆర్‌ఎస్. అది అందిన నోరిస్, వెనకున్న మెర్సిడెస్ కార్లను దాటనివ్వలేదు. వెంటపడేవాడికే సాయం చేసి గెలవడం! దాన్ని బోర్ అంటే నాకు నిజంగా బాధేస్తుంది.

బావ టీ చల్లారిపోయింది. "ఆ చివరి ల్యాపులు ఫోన్‌లో పెట్టరా," అన్నాడు.